గులాబీ రంగు సీరం

పదకొండు గంటలకు కాలర్ మాస్టారికి డ్రిప్ పెడతారు. ఇప్పుడు తొమ్మిది దాటి ఐదు నిమిషాలు. గడియారమ్మ మాత్రం ఆస్పత్రి రెండో అంతస్తు మెట్ల మీద తీరిగ్గా కూర్చుని, ఒక జత నీలం బూట్లను తిరగేసి మరగేసి వాసన చూస్తోంది.

ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. పోలీసు ల్యాబులో ఇరవై రెండేళ్ళు రక్తపు మరకలు చదివింది. పై అధికారితో పడక ఉద్యోగం వాళ్ళ మొహానే కొట్టి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఎవరేం చెప్పినా ముందు "ఎన్ని గంటలకు?" అని అడుగుతుంది. అందుకని గడియారమ్మ అయింది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా కోపం మాత్రం పాతికేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

పక్కన గోడకు ఆనుకుని నిలబడింది మాస్టారి కూతురు. స్కూలు బస్సు నడుపుతుంది. ఇవాళ బస్సు ఇంకొకళ్ళకు అప్పజెప్పి, నేరుగా గడియారమ్మ ఇంటికెళ్ళి తలుపు కొట్టింది. ఆమె తండ్రి దర్జీ. షర్టు కాలరు ఆయన కుడితే మెడ తిప్పినా నలగదని చుట్టుపక్కల వీధుల్లో పేరు. ఆరేళ్ళ కిందట ఆయన చర్మానికి లింఫోమా వచ్చింది. రక్తంలో తిరగాల్సిన తెల్లకణాలు కొన్ని కేన్సర్‌గా మారి, చర్మంలో మకాం పెట్టే జబ్బు అది. ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు, దురద. అయినా ఈ ఆరేళ్ళూ ప్రత్యేక దీపం వెలుగు చర్మానికి పట్టించే వైద్యంతోనూ పూతమందులతోనూ నెట్టుకొచ్చాడు, కుట్టు మానలేదు.

మూడు నెలల కిందట రక్తపరీక్షలో ఒక అంకె ఎగిరింది. ఎల్‌డీహెచ్ అంటారు దాన్ని. రెండు వందల యాభై లోపు ఉంటే జబ్బు నెమ్మదిగా ఉన్నట్టు. బాగా దాటితే లోపలికి దిగుతోందని డాక్టర్లకు అనుమానం. మాస్టారికి ఎప్పుడూ రెండు వందల దగ్గర ఆడేది కాస్తా ఐదు వందల ముప్పై అయింది, తర్వాత ఐదు వందల డెబ్భై ఐదు, పోయిన వారం ఆరు వందల పన్నెండు. ఇక్కడి ప్రొఫెసరు రక్తపరీక్షల్ని బట్టి ఎవరు ఎన్నాళ్ళుంటారో చెప్పే స్కోరు ఒకటి తయారు చేసి, రెండేళ్ళుగా దాని మీద స్టడీ నడుపుతున్నాడు. ఆ స్కోరు లెక్కన మాస్టారు ఎర్ర జాబితాలో పడ్డాడు. ఎర్ర జాబితా అంటే గట్టి మందు. అది ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని ఊడ్చేస్తుంది, వేళ్ళ కొసల్ని మొద్దుబారుస్తుంది. సూదిలో దారం ఎక్కించడం తప్ప వేరే బతుకు తెలియని మనిషికి ఆ మందు.

"వద్దు నాన్నా అంటే వినడు మేడమ్. ఇది పడకపోతే ఆరు నెలలే అని చెప్పారట. సంతకం పెట్టేశాడు. ఊరికే వద్దంటే కాదు, తప్పు ఎక్కడుందో చూపించమంటున్నాడు."

చూపించగలిగిన మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషికి స్పృహ లేదు. ల్యాబులో పనిచేసే టెక్నీషియన్ అమ్మాయి పొద్దున ఏడూ పదికి మాస్టారి కూతురికి ఫోన్ చేసింది. మీ నాన్నగారి రక్తం చెడిపోలేదు, డ్రిప్ పెట్టనివ్వకండి, ఆయన రక్తం సీసాలు మూడు ఫ్రీజర్‌లో విడిగా పెట్టాను, తొమ్మిదింటికి వస్తే చూపిస్తాను అంది. వెంటనే ఒక కాగితం ఫొటో కూడా పంపింది. ఏడూ ముప్ఫై అయిదుకి అదే అమ్మాయి ఈ మెట్ల కింద తల పగిలి పడి ఉంది.

గడియారమ్మ తన ఫోన్లోకి పంపించుకున్న ఆ ఫొటోను మళ్ళీ చూసింది. పద్నాలుగు మంది రోగుల నంబర్లు, ఒక్కో నంబరుకీ ఎదురుగా రెండేసి అంకెలు. ఒకటి ఎల్‌డీహెచ్. రెండోది పొటాషియం. మాస్టారి నంబరు ఎదురుగా ఏడు పాయింటు మూడు అని ఉంది. మనిషి ఒంట్లో పొటాషియం నిజంగా అంత ఉంటే గుండె గతి తప్పుతుంది. మాస్టారు పోయిన వారం రక్తం ఇచ్చేసి ఏం చేశారని కూతుర్ని అడిగింది.

"కుట్టుమిషను రిపేరుకిచ్చాం. దాన్ని భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కారు."

గడియారమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. ఆవిడకు అర్థమైపోయింది. నాన్నగారి దగ్గరకెళ్ళి కూర్చో, నేనొచ్చేదాకా మంచం వదలకు అని ఆ పిల్లను పంపించేసింది.

అప్పుడే మెట్లెక్కుతూ వచ్చాడు ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు గడియారమ్మ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఏ కేసైనా సాయంత్రానికల్లా ముగించేస్తాడని స్టేషన్లో వాళ్ళే ఫైల్‌మూత అని పేరు పెట్టారు. వేరే పని మీద పొద్దున ఆస్పత్రిలోనే ఉన్నాడు. గోల విని ఏడూ నలభైకల్లా ల్యాబుకి సీలు వేసేశాడు. మెట్లు ఏడుంబావు నుంచి ఏడూ ఇరవై దాకా ఫినాయిల్ నీళ్ళతో తుడిచారు, అమ్మాయి తడి మెట్టు మీద కాలు వేసింది, జారింది, అంతే అని తేల్చేశాడు. సీలు మధ్యాహ్నం తీసేస్తాడట.

"ఆ అమ్మాయి బూట్లు నేను చూడకూడదా బాబూ?"

"చూడండి మేడమ్. రిటైరైనవాళ్ళకు కాలక్షేపం ఉండాలి కదా."

రిటైరైనవాళ్ళట. గడియారమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. బూట్లు రెండూ అతని ముక్కు దగ్గర పెట్టింది. ఇవి ల్యాబులోపల మాత్రమే తొడుక్కునే బూట్లు. తలుపు లోపల ఎర్ర గీత ఉంటుంది. బయటి చెప్పులు గీత దగ్గరి రాక్‌లో విడిచి వీటిని తొడుక్కోవాలి, వీటితో గీత దాటి బయటకు రాకూడదు. రక్తం ముట్టుకునే చోట అది ప్రాణం మీదికొచ్చే నియమం, ఏళ్ళ తరబడి పనిచేసిన పిల్ల మర్చిపోదు. సరే, మర్చిపోయిందనుకుందాం. తడి మెట్టు మీద కాలు వేసి జారితే అడుగున తడి ఉండాలి, ఫినాయిల్ వాసన రావాలి. ఈ అడుగులు పొడిగా ఉన్నాయి. బూట్లతో పాటు విప్పి పెట్టిన ఆ పిల్ల కోటు వీపు మాత్రం తడిసి ముద్దయింది.

"మెట్ల మీద ఆ పిల్ల ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. మెట్ల పైన ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే ఎవరో తోశారు. నీ ఫైలుకి అప్పుడే మూత పెట్టకు."

ఇన్‌స్పెక్టరు నవ్వి తేలిగ్గా తీసిపారేశాడు. కాసేపట్లో డాక్టరు సర్టిఫికెట్ వస్తుంది, పడడం వల్లే దెబ్బ అని అందులో ఉంటుంది అన్నాడు. పడడం వల్లే దెబ్బ అన్న ముక్క చెప్పడానికి సర్టిఫికెట్ ఎందుకో గడియారమ్మకు తెలియలేదు. తొమ్మిదీ ఇరవై అయింది. అతన్ని అక్కడే వదిలేసి కిందికి దిగింది.

రక్తం తీసే గది మొదటి అంతస్తులో. అక్కడ ఇరవై ఆరేళ్ళుగా ఉన్న నర్సును అందరూ సూది అక్క అంటారు. ఆమె సూది గుచ్చితే చిన్నపిల్లలు కూడా ఏడవరని చెప్పుకుంటారు. వార్డులో డ్రిప్‌కి నరం దొరకకపోయినా ఆమెనే పిలుస్తారు. ఇన్‌స్పెక్టరు పొద్దున ఆమెను కూడా గదమాయించి పోయాడు కాబోలు, గడియారమ్మను చూడగానే మొహం గంటు పెట్టుకుంది. మాస్టారి రక్తం ఎలా తీశావు, నాకు చూపించు అని గడియారమ్మ అడిగాక గానీ మెత్తబడలేదు. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదట.

ఈ జబ్బు ముదిరినవాళ్ళ చర్మం తోలులా మందమెక్కుతుంది, మోచేతి మడతలో నరం చేతికి తగలదు అని ఆమె వివరించింది. మాస్టారికి మూడు నెలల నుంచి అలాగే ఉంది. చేతి వెనక సన్న నరం వెతికి, సన్న సూదితో సిరంజిలోకి బలంగా లాగి, ఆ రక్తాన్ని మళ్ళీ ఆ సూదిలోంచే ట్యూబులోకి నొక్కాలి. అది తప్పు పద్ధతని ఆమెకు తెలుసు. అందుకే అలా తీసిన ప్రతిసారీ కష్టంగా తీశానని చీటీ రాసి ట్యూబుకి చుట్టి పంపేది. రక్తం చెడితే మళ్ళీ తియ్యమని ల్యాబు వాళ్ళు కబురు చెయ్యాలి, అప్పుడు తీరిగ్గా వేరే చోట తీస్తారు. రెండేళ్ళలో ఒక్క కబురూ రాలేదు. బాగానే ఉన్నాయి కాబోలనుకుంది.

గడియారమ్మ పళ్ళు నూరింది. సన్న సూదిలోంచి బలంగా తోస్తే ఎర్రకణాలు చితికిపోతాయి. వాటి కడుపులో ఉన్న ఎల్‌డీహెచ్, పొటాషియం అంతా సీరంలోకి, అంటే కణాలు తీసేశాక మిగిలే రక్తపు నీటిలోకి, ఒలికిపోతుంది. పెరిగింది మాస్టారి జబ్బు కాదు, సూదిలో చితికిన రక్తం. చర్మం ఎంత మందమైతే అంత సన్న సూది, అంత పెద్ద అంకె. ఆ అంకెను పట్టుకుని ఒక మనిషి ఆయుష్షు లెక్క కట్టారు.

పొద్దున ఈ గదిలో మామూలుగా లేనిది ఏమైనా కనిపించిందా అని అడిగింది. కనిపించిందంది సూది అక్క. ఏడూ నలభై అయిదుకి తను డ్యూటీకి వచ్చేసరికి చెత్త వేసే పసుపు డబ్బాలో, వాడేసిన దూది పైన, మూడు చిన్న సీసాలు పడి ఉన్నాయట. రోగి నంబరు అంటించి ఉన్న వస్తువును సంతకం లేకుండా పారెయ్యడం ఆమెకు అలవాటు లేదు. ఎవరో పరాకున పడేశారనుకుని తీసి, తుడిచి, ఫ్రిజ్‌లో పెట్టింది.

గడియారమ్మ ఆ మూడింటినీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మాస్టారి నంబరే, మూడు నెలల తేదీలు. మంచి సీరం ఎండుగడ్డి రంగులో ఉంటుంది. ఈ మూడూ గులాబీ రంగులో మెరుస్తున్నాయి.

సూది అక్క వాటివైపు చూస్తూ ఉండిపోయింది. పాతికేళ్ళ పైబడి రక్తం చూసినదానికి ఆ రంగు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంతలో వార్డు నుంచి ఆమెకు పిలుపొచ్చింది. రబ్బరు పట్టీ, సూదుల ట్రే తీసుకుని తల దించుకుని వెళ్ళిపోయింది.

ల్యాబు నుంచి వచ్చే ప్రతి అంకె ముందుగా చేరేది స్టడీ మేనేజర్ దగ్గరికి. ప్రొఫెసరు స్కోరు తాలూకు ఫారాలన్నీ అతని చేతుల మీదుగానే పోతాయి. బొటాబొటిగా నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ షర్టు, టక్కు, మెడలో కార్డు. కాళ్ళకు మాత్రం వార్డులో రోగులకిచ్చే రబ్బరు చెప్పులు. ఎన్నింటికి వచ్చారంటే ఎనిమిదిన్నరకి అన్నాడు. బూట్లేవంటే మడమ నొప్పి అన్నాడు. గడియారమ్మ అయ్యో పాపం అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

గోడ మీద పెద్ద బొమ్మ ఉంది. రెండు గీతలు. స్కోరు బాగున్నవాళ్ళ గీత చదునుగా పోతోంది. ఎర్ర జాబితా వాళ్ళ గీత మెట్లు మెట్లుగా దిగిపోతోంది. మా స్కోరు చెప్పినట్టే జరుగుతోంది చూడండి అని మురిసిపోయాడు. పదకొండున్నరకి ప్రొఫెసరు దీన్ని బయటి నిపుణుల ముందు పెడుతున్నాడట.

రక్తం చితికిందని ల్యాబు అమ్మాయి రాసి పంపే రిమార్కులు ఏమయ్యాయని గడియారమ్మ అడిగింది. అతను నీళ్ళు నమల్లేదు, దాచనూ లేదు. అదే ఆవిడకు ఒళ్ళు మండించింది. ఫారం తీసి ముందు పెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"ఇదిగో చూడండి. ఎల్‌డీహెచ్‌కి గడి ఉంది. రిమార్కుకి గడి లేదు. ఖాళీ వదిలితే కంప్యూటరు తీసుకోదు. అందుకని అంకె ఎక్కించి, రిమార్కు తీసేశాను."

"మళ్ళీ రక్తం తియ్యమని ఆ అమ్మాయి అడిగింది కదా."

"తేదీ దాటిపోతుందండీ. తేదీ దాటితే రోగి స్టడీలోంచి పోతాడు."

రోగి స్టడీలోంచి పోకూడదు, లోకంలోంచి పోయినా ఫరవాలేదు. గడి లేదట! మనిషి ప్రాణానికి అడ్డంగా నిలబడ్డ ఒక్క ముక్కని, పెట్టడానికి గడి లేదని చెరిపేశాడు, చెరిపేసి రెండేళ్ళు కంటి నిండా నిద్రపోయాడు. గడియారమ్మ ఫోన్లోని పద్నాలుగు నంబర్లనూ బల్ల మీది ఎర్ర జాబితా పక్కన పెట్టి ఒక్కొక్కటీ వేలితో చూసుకుంటూ పోయింది. ఎర్ర జాబితాలో మొత్తం పదిహేడు మంది. అందులో పద్నాలుగు మంది చితికిన రక్తం వాళ్ళే. ఆ పద్నాలుగులో ఐదు నంబర్ల పక్కన చిన్న శిలువ గుర్తు ఉంది, చనిపోయినట్టు. కారణం గడి మాత్రం ఉంది, నిండుగా నింపి ఉంది. ఐదింటిలోనూ ఒకటే: గట్టి మందు పడ్డాక ఇన్‌ఫెక్షన్.

ఒక్కరూ చర్మం జబ్బుతో పోలేదు.

గోడ మీది గీత ఎందుకు దిగుతోందో అప్పుడు తెలిసింది. వీళ్ళు ఎక్కువ కాలం బతకరని స్కోరు చెప్పింది. బతకరన్నారు కాబట్టి గట్టి మందు పెట్టారు. మందుకి పోయారు. చూశారా, చెప్పినట్టే పోయారని గోడకు బొమ్మ తగిలించారు.

గడియారమ్మ లేచి అతని కార్డు పట్టుకుని బయటికి నడిపించింది. తొమ్మిదీ యాభై రెండుకి ల్యాబు తలుపు ముందు ఇన్‌స్పెక్టరును నిలబెట్టి, నీ సీలు నువ్వే తియ్యి అంది. అతను గింజుకున్నాడు. పైనుంచి అనుమతి కావాలన్నాడు, ఇది పద్ధతి కాదన్నాడు, మీకు అధికారం ఏముందన్నాడు.

"నాకేం లేదు. నీకుంది. పొద్దున ఏడూ నలభై నుంచి ఈ తలుపు తెరుచుకోలేదని నువ్వే కదా సంతకం పెట్టావు. తెరువు. రాక్‌లో ఎన్ని జతలుంటే అన్ని కథలు."

అతను చిరాకుగా సీలు చించాడు. ఎర్ర గీత దగ్గర రాక్‌లో రెండే జతలు. ఒకటి ఆడవాళ్ళ చెప్పులు, టెక్నీషియన్ అమ్మాయివి. రెండోది నల్లటి మగ బూట్లు, నిగనిగలాడుతూ, సాక్సు నీటుగా మడిచి లోపల పెట్టి ఉన్నాయి. అమ్మాయి వేసుకున్నవి కాక ల్యాబు నీలం బూట్లలో ఇంకో జత తక్కువ. మడమ నొప్పి ఉన్నవాడు వెనక్కి ఒక అడుగు వేశాడు.

ఇన్‌స్పెక్టరు ఆ బూట్ల వంకా, ఆ రబ్బరు చెప్పుల వంకా చూశాడు. పాపం, మూత పెట్టడం తప్ప తెరవడం అలవాటు లేని మొహం. కానీ నేర్చుకున్న పని ఎక్కడో లోపల మిగిలే ఉంది. ఎనిమిదిన్నరకి వచ్చినవాడి బూట్లు ఏడూ నలభైకి వేసిన సీలు లోపలికి ఎలా వెళ్ళాయని నెమ్మదిగా అడిగాడు.

అప్పుడు కక్కాడు. అమ్మాయి సీసాలు విడిగా దాచిందని తెలిసి పొద్దున వాటి కోసమే వచ్చాడు. మెట్లు తుడవడం అయ్యాక అమ్మాయి తలుపు దగ్గర అడ్డం నిలబడి, రోగి కూతురికి అంతా చెప్పేశానంది. తను చెయ్యి విదిలించుకున్నాడంతే, ఆమె వెనక్కి పడింది. నీలం బూట్లతోనే మెట్లు దిగి, సీసాలు పసుపు డబ్బాలో పడేసి, బూట్లు కాల్చే చెత్తలో వేశాడు. సొంత బూట్ల కోసం తిరిగి వచ్చేసరికి తలుపుకి సీలు.

"మెట్ల కింద పడి ఉన్న పిల్లను దాటుకుని వెళ్ళావా?"

ఇన్‌స్పెక్టరు మేనేజరు మణికట్టు పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, మేడమ్, నేను ఆ సర్టిఫికెట్ చించేస్తాను అన్నాడు. గడియారమ్మ వాచీ చూసుకుంది. పదీ పది. ఇంకా యాభై నిమిషాలున్నాయి.

మేనేజరు అది గమనించాడు. వాడి మొహంలో భయం ఉంది, దాని పక్కనే పని పూర్తిచేసినవాడి తృప్తి కూడా ఉంది.

"తొందరపడి లాభం లేదండీ. నిపుణులు వచ్చేలోపు అయిపోవాలని డ్రిప్ ముందుకు జరిపించాను. పదింటికే."

గడియారమ్మ ఆ తర్వాత ఏం విన్నదో ఆవిడకే తెలియదు. సీసాలు గుప్పిట్లో పట్టుకుని, రెండేసి మెట్లు చొప్పున దిగింది. మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఆగలేదు. వెనక ఇన్‌స్పెక్టరు మేనేజర్ని లాక్కుంటూ వస్తున్నాడు. పది నిమిషాలంటే ఆ మందు ఎన్ని చుక్కలు దిగుతుందో ఆవిడకు లెక్క తెలుసు. తెలియకుండా ఉంటే బాగుండుననుకుంది.

వార్డులో మాస్టారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి దిండు మీద చాపి పెట్టాడు. స్టాండుకి మందు సీసా వేలాడుతోంది. ట్యూబు చివర చుక్క పడలేదు. కూతురు తండ్రి భుజం గట్టిగా పట్టుకుని నిలబడింది. మంచం అవతల ప్రొఫెసరు వాచీ చూసుకుంటూ అసహనంగా ఊగుతున్నాడు.

మంచం పక్కన స్టూలు మీద సూది అక్క. మాస్టారి చేతికి రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో వేళ్ళతో తడుముతోంది. పట్టీ విప్పింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ తడిమింది.

పావుగంటా ఒక నరం దొరకడానికి అని ప్రొఫెసరు విసుక్కున్నాడు. ఇంకో నర్సును పిలవమన్నాడు.

"చర్మం మందం సార్. దొరకట్లేదు," అంది సూది అక్క, తల ఎత్తకుండా.

గడియారమ్మ దగ్గరికెళ్ళి చూసింది. మాస్టారి చేతి వెనక, ఎర్రబారిన మందపాటి చర్మం కింద కూడా, పట్టీ బిగింపుకి ఒక నరం ఉబ్బి స్పష్టంగా కనిపిస్తోంది. చేతి మీద ఒక్క పోటు కూడా పడలేదు.

ఆవిడ మూడు సీసాలూ ట్రేలో, ప్రొఫెసరు కళ్ళెదురుగా వరసగా పెట్టింది. ఆయన వాటిని చూశాడు, వెనక ఇన్‌స్పెక్టరు చేతిలో చిక్కిన తన మేనేజర్ని చూశాడు, ఊగడం ఆపేశాడు. స్టాండు మీదిది కేసులో సాక్ష్యం, ఎవరూ ముట్టుకోకూడదని ఇన్‌స్పెక్టరు గట్టిగానే చెప్పాడు. మాస్టారు మెల్లగా చేతిని వెనక్కి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ బొటనవేలికి ఆనించి చూసుకున్నాడు. కూతురు అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఏడ్చేసింది.

గడియారమ్మ సూది అక్క భుజం మీద చెయ్యి వేసింది. ఇరవై ఆరేళ్ళలో నరం దొరకకపోవడం ఇదే మొదటిసారి కదా అంది.

సూది అక్క రబ్బరు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఆ పోయిన ఐదుగురికీ మాత్రం ఎంత కష్టమైనా దొరకబుచ్చుకున్నానమ్మా."